ఓడ వచ్చే ఆదివారం

నిమ్మకాయల బుట్ట ఎక్కడుందని అడుగుతూ అడుగుతూనే ఆ మాట అనేశాడు జాన్నిస్. ఫాదరుగారితో నిన్ననే మాట్లాడాడట. మరూసో తల్లి పోయిన నలభై రోజులకి చేసే ప్రార్థన ఇవాళ కాకుండా వచ్చే ఆదివారానికి మార్చేశారట. ఇవాళ దీవికి టూరిస్టుల ఓడ వస్తోంది కదా, వంటింట్లో ఎవరుంటారు?

మరూసో చేతిలో బియ్యం కూరిన ద్రాక్షాకు సగం చుట్టి ఉంది. పక్క బల్ల మీద, పోయినవాళ్ళ పేరున చర్చిలో పంచడానికి, తెల్లటి దుప్పటి పరిచి రాత్రంతా ఆరబెట్టిన గోధుమలున్నాయి. శనివారమంతా హోటలు వంట చేస్తూనే మధ్యమధ్యలో వాటిని ఉడికించింది, దానిమ్మ ఒలిచింది, బాదం వేయించింది. ఇక పళ్ళెంలో పోసి, పైన చక్కెర పొడి అద్ది, చర్చికి తీసుకెళ్ళడమే మిగిలింది. సాయంత్రానికల్లా పులిసిపోతాయని మెల్లగా అంది. మళ్ళీ ఉడికిస్తావులే, గోధుమలకేం కరువు అన్నాడు భర్త. నిజమే, ఉడికించే చేతులకీ ఆ ఇంట్లో ఎప్పుడూ కరువు రాలేదు.

అత్త స్టమాతా గుమ్మంలో కూర్చుని చెంచాలు తుడుస్తోంది. "చచ్చిపోయినవాళ్ళకి తొందరేముంటుంది అమ్మాయ్. ఓడకుంటుంది గానీ," అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. ఆమె కూడా తన తల్లికి వీలు కుదిరిన ఆదివారమే చేసుకుని ఉంటుంది. రేపు తనూ ఇలాగే అంటుందేమోనని తలుచుకుంటేనే మరూసోకి ఎక్కువ భయం వేసింది.

బయట ఉత్తరపు గాలి తలుపుల్ని బాదుతోంది. ఇరవై రెండేళ్ళుగా, ఓడ వచ్చే రోజున గాలి తగ్గాలని అందరితో పాటు తనూ మొక్కింది. తగ్గకపోతే పడవలు రేవుకి రావు, వండిందంతా పిల్లుల పాలవుతుంది, ఆ గాలిని పెళ్ళామే పిలిచినట్టు జాన్నిస్ మూడు రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతాడు. వచ్చినవాళ్ళు ఆకుచుట్టలు తిని మెచ్చుకుంటే, అంతా మా అమ్మ చేతి వంట అంటాడు. అత్త నవ్వుతూ ఫోటో దిగుతుంది. ఆ చుట్టడం మరూసోకి నేర్పింది తన తల్లి. ఇవాళ మాత్రం, గాలీ, ఇంకా వీచు, ఒక్కర్నీ దిగనియ్యకు అని మనసులో వేడుకుంది. అమ్మ పేరు చర్చిలో ఒక్కసారి చదివించుకోవడానికి గాలిని బతిమాలాల్సి వచ్చిందే అని తన మీద తనకే రోత పుట్టింది.

గాలి వీచింది. కానీ ఓడ కొండ చాటుకి తిరిగి లంగరు దించింది. మొదటి పడవ బయల్దేరిందని ఫోనొచ్చింది. బల్లల మీద పరిచిన కాగితాలు ఎగిరిపోకుండా క్లిప్పులు బిగిస్తూ, పొయ్యిలన్నీ వెలిగించమని కేకేశాడు జాన్నిస్. చర్చిలో ఆదివారం పూజ ఇంకో అరగంటలో ముగుస్తుంది. గోధుమల పళ్ళెంతో ఎదురుగా నిలబడితే ఫాదరుగారు కాదనరు.

మరూసో చేతులు కడుక్కుంది. గోధుమలు పళ్ళెంలోకి ఎత్తి, చక్కెర అద్ది, గాలికి పోకుండా గుడ్డ కట్టింది. ఏప్రన్ విప్పేసింది.

జాన్నిస్ దారికి అడ్డం వచ్చాడు. అతనికి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "జనం వచ్చేస్తున్నారు. ఎప్పుడొస్తావో అదైనా చెప్పు," అన్నాడు.

"ఆ రోజు అమ్మ పోయిందని నీకు పొద్దున్నే ఫోనొచ్చింది. నాకు ఓడవాళ్ళ ఆఖరి పడవ వెళ్ళాక చెప్పావు," అంది మరూసో, గొంతు పెంచకుండా. "నేను వచ్చేదీ రానిదీ నీకూ అప్పుడే చెప్తాను."