నా పేరు మీది కేసు

“ఏమ్మే, ఈ పొద్దు సియ్యలు ఇంకో కేజీ ఎక్కువ చెయ్యి. గంగులయ్య మామ అన్నానికి వస్తాండాడు.”

నా మొగుడు రామన్న పొద్దున్నే ఈ మాట అనేసి పందుంపుల్ల నోట్లో పెట్టుకొని వెళ్లిపోయాడు. మాంసానికి మసాలా నూరుతున్నదాన్ని అట్లాగే ఆగిపోయాను. గంగులయ్య ఎవరనుకున్నారు? నా చీర పట్టి లాగాడని నేను పోలీసు స్టేషన్లో కేసు పెట్టిన మనిషి. ఆయన నన్ను లాగనూ లేదు, నేను కేసు పెట్టనూ లేదు. కేసు మాత్రం ఉంది, బాలనాగమ్మ అనే నా పేరు మీద.

సర్పంచి ఎన్నికలప్పుడు రామన్నా వాళ్లూ ఎదుటి వర్గంలో ఉన్న గంగులయ్య తమ్ముడి కాలు విరగ్గొట్టారు. వాళ్లు కేసు పెట్టారు. దానికి విరుగుడుగా ఇటువైపు నుంచి కూడా ఒకటి పడాలి. మా దగ్గర దాన్ని కౌంటర్ కేసు అంటారు. “ఆడమనిషి పేరు మీదైతే గట్టిగ నిలబడతాది” అన్నాడట మా వర్గం నాయకుడు. ఆయన ఇంట్లో ఆడమనుషులు లేరా అంటే, ఇంటినిండా ఉన్నారు. వాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. రామన్న తెల్లకాగితం తెచ్చి కింద నా చేత సంతకం పెట్టించుకున్నాడు. “పైన మేం రాసుకుంటాంలే. నీ పేరే కదా, నీకేం పోతాది?” అన్నాడు.

ఏం పోయిందో చెప్తాను. పాలకేంద్రం దగ్గర నేను క్యాన్ దించగానే మాటలు ఆగిపోయేవి. ఒకామె పక్కకు పిలిచి జాలిగా, “యాడ పట్టుకున్యాడమ్మే?” అని అడిగింది. ఏం చెప్పను? నాకు ఏం జరిగిందో ఊరికి తెలిసినంత కూడా నాకు తెలియదు. మా అత్త ఓబమ్మకు అంతా అబద్ధమని తెలుసు. అయినా, “జరగకపోయినా జరిగిందనే రాసినారు కదా, రోంత తలకాయ వంచుకొని నడువు” అంది. గొర్రెల వెంట చేలకు పోవడం కూడా మాన్పించింది. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఒకరోజు రామన్న అన్నం తింటూ తలెత్తకుండా అడిగాడు.

“నిజంగా ఏం జరగలేదు కదా?”

“రాయించింది నువ్వే కదప్పా!”

“నేనే అనుకో. మరి సదివినోళ్లంతా అట్ల నమ్ముతాండారేంది?”

నా ఒళ్లు మండిపోయింది. తను రాయించిన అబద్ధాన్ని తనే నమ్మడం మొదలుపెట్టిన మొగుడితో ఏం మాట్లాడాలి? అంత నమ్మేట్టుగా నా గురించి ఏం రాశారో నేను చదవాలి. అదొక్కటే పట్టుకుంది నన్ను. తిండి వండుతున్నా అదే, పేడ ఎత్తుతున్నా అదే.

జమ్మలమడుగులో జిరాక్సు అంగడి పెట్టుకున్న సైదున్నీసా నాతో పదో తరగతి చదివింది. సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. “కోర్టు స్టాంపు అంటిచ్చి అడుగు బాలనాగీ. ఎందుకని నిన్ను అడిగే హక్కు గూడ వాళ్లకు లేదు” అంది. దరఖాస్తు తను రాస్తానంటే వద్దని నేనే రాసుకున్నాను. జవాబుకు తన అంగడి అడ్రసు పెట్టాను.

స్టేషన్లో రైటరు అది చదివి నవ్వాడు. “ఫిర్యాదు ఇచ్చిందే నువ్వు. నీ ఫిర్యాదులో ఏముందని నన్నడుగుతాండావా?”

“అవును సార్.”

“కాపీ ఆ పొద్దే ఇచ్చినాం. మీ ఆయన తీసుకుండాడు.”

“నాకియ్యలేదు సార్.”

“మొగుడూ పెండ్లాలకు తలా ఒకటి ఇయ్యాల్నా? మీ ఇద్దరికీ తేడా ఏముందమ్మా?”

నేను కదల్లేదు. రసీదు ఇచ్చేదాకా బల్ల ముందు నిలబడ్డాను. నేను ఇల్లు చేరేలోపు రామన్నకు ఫోను చేరింది. “నన్నడిగింటే నోటితో చెప్తాంటి కదా, పరువు తీస్తివి” అని చెంప పగలగొట్టాడు.

కాపీ వచ్చింది. సైదున్నీసా అంగట్లో నిలబడి చదివాను. పైట పట్టి లాగాడని ఉంది, రవిక చింపాడని ఉంది. ఆ కింద, ‘నా కేకలు విని నా భర్త పరుగున వచ్చి నన్ను కాపాడినాడు’ అని ఉంది. నాకు నవ్వాగలేదు. సైదున్నీసా భయపడేంత నవ్వాను, ఆమె భుజం మీద పడి ఏడ్చాను. ఎంత మోసం! నన్ను నడివీధిలో నిలబెట్టినవాడే నన్ను కాపాడినవాడట.

ఇప్పుడు మళ్లీ ఎన్నికలొస్తున్నాయి. ప్రొద్దుటూరు కల్యాణమండపంలో రెండు వర్గాల నాయకులూ ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. ఇక కేసులన్నీ రాజీ. రేపు కోర్టులో నా కేసు కూడా.

గంగులయ్య వచ్చాడు. చెయ్యి కడుక్కోమని చెంబు ఇవ్వబోతే నేలకేసి చూస్తూ, “ఆడ పెట్టమ్మా, నేను తీసుకుంటా” అన్నాడు. నా చేతిలోంచి చెంబు అందుకోవడానికి ఆ పెద్దమనిషికి భయం. నాకు దుఃఖం తన్నుకొచ్చింది.

తిన్నాక రామన్న రాజీ కాగితం తెచ్చాడు. “ఈ తూరి రాసే తెచ్చినాలే, సదువుకో” అన్నాడు. చదివాను. ‘సదరు ముద్దాయిని మనస్ఫూర్తిగా క్షమించినాను’ అని ఉంది.

“జరగనిదానికి క్షమించేదేంది? జరగలేదని రాయండప్పా.”

రామన్న గొంతు తగ్గించాడు. “అట్ల రాస్తే దొంగ కేసని తిరగబడతాది.”

“ఎవరి మీద?”

“నీ మీదనే. సంతకం నీది కదా. లోపలేస్తే నిన్నే ఏస్తారు.”

“పెట్టు తల్లీ” అంది మా అత్త. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను తల్లీ అనడం ఇదే మొదలు.

సంతకం పెడితే నా పైట లాగడం ఎప్పటికీ నిజం. పెట్టకపోతే నేను దొంగ కేసు పెట్టిన ఆడదాన్ని. రెండు దారులూ వాళ్లే వేశారు, ఎందులో పోయినా నడవాల్సింది నేనే. పెన్ను మూత పెట్టి రామన్న చేతిలో పెట్టాను.

“రేపు జడ్జి ముందర నేనే చెప్తా, నా నోటితో.”

“ఏమని చెప్తావే?”

“గంగులయ్య నన్నేం చెయ్యలేదని. జరిగిందంతా ఈ ఇంట్లోనే జరిగిందని.”