బాల్‌సింగ్ వెంటబడ్డ రోడ్డు

రోజూ పొద్దున్నే బాల్‌సింగ్ జనగామలో కూతురితో కలిసి కిరాయికుండే గదిలోంచి బయటికొచ్చి, సందు చివరి చాయ్ హోటల్ దాకా నడిచేవాడు. ఆ సందులో డాంబర్ రోడ్డు హోటల్‌కు పది గజాల ఇవతలే ఆగిపోతుంది. అతను మట్టిలో అడుగు పెట్టగానే రోడ్డు కూడా మేకపిల్లలా అతని మడమల వెంట సాగేది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకెత్తి దానికి చోటిచ్చేవారు. చాయ్ తాగడం అయ్యాక బాల్‌సింగ్ వెనక్కి తిరిగి, మడమతో నేలను మూడుసార్లు తట్టి, "పో, పో. సర్కారుదానివి నువ్వు" అనేవాడు. రోడ్డు తన జాగాకు తాను పోయేది. హోటల్ నడిపే ఆవిడ అండాలు అక్కడ నీళ్ళు చల్లి ఊడ్చుకునేది.

అతను వేసిన రోడ్లన్నీ అంతే. దంతాలపల్లి నుంచి కాళేశ్వరం దాకా ముప్పై ఏళ్ళు డాంబర్ పని చేశాడు. వేడి కంకర పరిచాక, రోలర్ ఎక్కేముందు, కాళ్ళకు తడి గోనెపట్టాలు చుట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. గుంత ఎక్కడుందో కాలికి తెలిసేది. ఆ నడకతో అతని కాలు రోడ్డుకు తెలిసేది. కొలతల నాడు ఇంజినీరు, "ముందు బాల్‌సింగ్‌ను ఇంటికి పంపండి, తర్వాత టేపు పట్టండి" అనేవాడు. కాంట్రాక్టరు మాత్రం నాలుగు గజాలు కొలతకు ఎక్కువొస్తాయని, "జర ఆ కొసకు నిలబడు బాల్‌సింగ్" అని బతిమాలేవాడు.

ఇప్పుడతని కిడ్నీలు పోయాయి. మంగళవారం, శుక్రవారం దవాఖానలో రక్తం కడిగించుకోవాలి. కూతురు సుమన జనగామలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది కాబట్టి అతన్ని తన దగ్గర ఉంచుకుంది. సొంతిల్లు కొత్తగూడ అవతల, అడవిలో, లక్ష్మా తండాలో. దానికి దగ్గరగా మానుకోట దవాఖానలోనూ రక్తం కడిగే మిషన్ ఉంది. కానీ తండా నుంచి రోడ్డు అందే చోటికి నాలుగు కిలోమీటర్లు, మధ్యలో రెండు వాగులు. వారానికి రెండుసార్లు మంచం మీద మోసుకెళ్ళేదెవరు? భార్య జమ్లీ జనగామకు రాలేదు. అడవి కొట్టి చేసుకున్న పోడు చేను నాలుగు రోజులు వదిలేస్తే చాలు, ఫారెస్టువాళ్ళు అందులో మొక్కలు నాటి కంచె కట్టేస్తారు. ఆరు నెలలుగా మొగుడొక చోట, పెళ్ళామొక చోట.

రోడ్డు కోసం సుమన పదకొండు దరఖాస్తులు పెట్టింది. పదకొండింటికీ 'పరిశీలనలో ఉన్నది' అనే జవాబు. ఆ కాగితాలు చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది. "నగరాల నడుమ ఆరు వరుసల దారులు, మనకు కాలిబాట! ఇది నిర్లక్ష్యం కాదు, వర్గ నీతి" అని స్టాఫ్ రూంలో అరిచేది. తోటి లెక్చరర్లు తలూపి టిఫిన్ డబ్బాలు విప్పుకునేవారు.

ఒక శుక్రవారం డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, గుండె కూడా బలహీనపడిందనీ, ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుకుంటే ఇప్పుడే తీసుకెళ్ళమనీ చెప్పాడు. బాల్‌సింగ్‌ను అడిగితే ఒకటే కోరిక.

"నేనేసిన రోడ్ల మీద సీట్ల కూసోని పోవాలె బిడ్డా. గన్ని రోడ్లేసిన గాని, లారీల కంకర మీద తప్ప కూసోలే. ఆఖరుకు తండాకు పోయి మీ యాడిని చూసి, మల్ల నీ దగ్గరికే వస్త."

యాడి అంటే వాళ్ళింట్లో అమ్మ.

మర్నాడు శనివారం పొద్దున, ఆ సందులోనే ఉండే డ్రైవరు చిరంజీవి జీపు తెచ్చాడు. సందు మలుపులో అద్దంలో వెనక్కి చూసి, "కాకా, నీ రోడ్డు లేస్తున్నది. జీపులనే ఉండు, దిగకు" అన్నాడు.

"సీట్ల కూసుంటే రాదు తియ్. కాలు భూమికి ఆనాలె."

చిల్పూర్ గుట్ట కింద ఆగారు. పైన గుడికి మెట్లు ఎక్కే ఓపిక లేదు బాల్‌సింగ్‌కు.

"బుగులు, భయం తీర్చే దేవుడు కాకా. కిందికెల్లే దండం పెడ్తవా?" అన్నాడు చిరంజీవి.

"పెట్టిన. ఆయన పైన చూస్కుంటడు. కింద రోడ్డు నాది. చూడు, పదేండ్లయింది, ఒక్క పగులు లేదు."

పరకాల దాటాక నల్లరేగడి చేలు, పత్తి. తర్వాత పాండవుల గుట్టలు ఎర్రగా లేచాయి. గణపురం కోటగుళ్ళ దగ్గర సుమనకు మాటలు ఆగలేదు. విరిగిన స్తంభాల మధ్య నిలబడి చెయ్యెత్తి, "ఇది భక్తి కాదు బాపూ, దోచుకున్న శ్రమ! ప్రతి రాయి కింద ఒక కూలోని నడుముంది" అంది.

బాల్‌సింగ్ వంగి, రెండు రాళ్ళు కలిసిన చోట గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు.

"దోచుకుంటే దోచుకున్నరు. మరి ఆ చెక్కినోడు గింత మంచిగ ఎందుకు చెక్కిండే?"

సుమన ఎత్తిన చెయ్యి దించి, తనూ ఆ అతుకు మీద గోరు పెట్టి చూసింది.

కాళేశ్వరంలో గోదావరి అవతలి ఒడ్డు కనిపించీ కనిపించనట్టుంది. బాల్‌సింగ్ కూతురి భుజం పట్టుకుని ఇసుకలోకి దిగాడు. పుష్కరాలప్పుడు తను వేసిన రోడ్డు మెట్లు దిగి వెంట వచ్చి, అంచు నీళ్ళలో తడుపుకుంది. స్నానాలు చేస్తున్నవాళ్ళు ఆరేసుకున్న చీరలు పక్కకు జరుపుకున్నారు.

"సముద్రం గిట్లనే ఉంటదా?"

"ఇంకా పెద్దగుంటది. అవతల ఒడ్డుండదు."

"మరి అటు దిక్కు రోడ్డెవరేస్తరు?" అని నవ్వి, మడమతో మూడుసార్లు తట్టి రోడ్డును పంపించేశాడు.

ఆ రాత్రికి భూపాలపల్లిలో ఉండి, ఆదివారం తాడ్వాయి అడవిలోంచి కొత్తగూడ దారి పట్టారు. టేకు ఆకుల నీడ జీపు అద్దం మీద పాకుతుంటే బాల్‌సింగ్ మాట్లాడటం మానేశాడు. ప్రతి కల్వర్టు దగ్గరా తల బయటికి పెట్టి చూశాడంతే. సుమనకు తెలుసు, ఆయన చూపులతో సెలవు తీసుకుంటున్నాడు. రేపు మళ్ళీ జనగామ, ఆ గది. ఆ తర్వాత ఈ దారిన రాడు.

కొత్తగూడ దాటి కొంత దూరం పోయాక రోడ్డు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అక్కడ జమ్లీ నిలబడి ఉంది. పక్కన తండా కుర్రాడు మంగ్యా, ఇంకో ముగ్గురు, మోయడానికి వెదురు బొంగులు కట్టిన నులకమంచం.

"ఎక్కు కాకా, నీ పల్లకి తయార్," అన్నాడు మంగ్యా.

"నలుగురు మోసే టైం ఇంక గాలే రా. నాలుగడుగులు నడవనీ."

దిగి నాలుగడుగులు నడిచాడు. రోడ్డు నాలుగడుగులు వచ్చింది. అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి మడమ ఎత్తాడు.

"కొట్టకు బాపూ!" సుమన అరిచింది. "ముప్పై ఏండ్ల చెమట అది. దున్నేటోనిదే భూమైతే, వేసినోనిదే రోడ్డు! సర్కారు ఎవరిది? మనది కాదా?"

"గిది మీటింగ్ కాదు బిడ్డా. నా వెంట గింత దూరం వస్తే ఎక్కడ్నో గింత తక్కువైతది. గది ఎవల తొవ్వో, ఎవలు నడిచే దారో! పరాయోల్ల తొవ్వ గుంజుకొని ఇంటికి పోతనా?"

సుమన నోరు తెరిచింది. ఆమె దగ్గర జవాబులు పదున్నాయి, పదీ అచ్చయినవే. ఏ ఒక్కటీ ఆ ఎత్తిన మడమను ఆపేది కాదని ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది.

అప్పుడు జమ్లీ తమ ఇంటి భాషలో మెల్లగా మాట్లాడింది.

"దాన్నొక్కదాన్నేనా? నన్ను గూడ ఈడికెల్లే వెనుకకు మర్లగొట్టినవు."

బాల్‌సింగ్ ఆమె వైపు చూశాడు.

"పనికి పోయిన ప్రతీసారి నీ మూట నా నెత్తిన పెట్టుకోని ఈడి దాంక వస్తి. 'పో జమ్లీ, చేను చూస్కో, మేకలు చూస్కో' అంటివి. పోయిన. ఒక్కసారి గూడ కొట్లాడలే. నువ్వేసిన రోడ్డు ఎట్లుంటదో ఇన్నేండ్లల్ల నేను చూడనే లే." ఆమె గొంతు పెరగలేదు. "ఎంట వచ్చేటోల్లను ఎన్నిసార్లు పొమ్మంటవు?"

బాల్‌సింగ్ మడమ ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని తట్టకుండా, మెత్తగా కింద పెట్టాడు. జమ్లీ భుజం మీద చెయ్యి వేసి తండా వైపు తిరిగాడు. మళ్ళీ వెనక్కి చూడలేదు.

పది అడుగులు నడిచేవాడు, మంచం దింపించి దాని మీద కూర్చుని అలుపు తీర్చుకునేవాడు. అతను కూర్చుంటే రోడ్డు ఆగేది, లేస్తే లేచేది. మొదటి వాగు దగ్గర అది కాస్త జంకింది. బాల్‌సింగ్ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగాక తనూ దిగింది, నీళ్ళు దాని కింది నుంచి పోవడం నేర్చుకున్నాయి. వెనకాల చిరంజీవి ఫస్ట్ గేరులో జీపు నడిపిస్తూ, "కాకా, జర సైడ్ బర్మ్, పక్కల మట్టి గూడ చూస్కో!" అని కేకలేస్తున్నాడు. నాలుగు కిలోమీటర్లకు సాయంత్రమయింది. ఇంటి ముందు పందిరి గుంజ దగ్గర బాల్‌సింగ్ కూలబడితే, రోడ్డు కూడా అక్కడే చల్లారింది.

ఆ రాత్రి అతను జనగామ మాట ఎత్తలేదు. సుమన కూడా ఎత్తలేదు. పొద్దున్నే డాక్టరుకు ఫోన్ చేసి, కాగితాలు మానుకోటకు మార్పించింది.

సోమవారం జనగామకు పోయిన చిరంజీవి జీపు మంగళవారం నేరుగా ఇంటి ముందుకే వచ్చి హారన్ కొట్టింది.

"వచ్చేటప్పుడు మంచిగ చూసిన కాకా," అన్నాడు దిగుతూ. "జనగామ నుంచి మొదలుపెడితే, నువ్వేసిన రోడ్లన్ని అంచుకు చేతెడు సన్నబడ్డయి. బస్సులు పోతున్నయి, లారీలు పోతున్నయి. ఒక్కడు గూడ ఏమైందని అడగలే."

"అందరికీ సమానంగనే తగ్గిందా?"

"అందరికీ. ఒక్కరిది గుంజలే. అందరియి తలా చేతెడు."

బాల్‌సింగ్ ముంగిట్లోని రోడ్డు అంచును అరచేత్తో తడిమి, "గట్లయితే సరే," అన్నాడు.

జమ్లీ కూడా దవాఖానకు పోతే చేనుకు కావలి ఎవరన్న మాట వచ్చింది. సుమన చెప్పులు విడిచి, గూట్లోని వడిసెల తీసుకుంది. చిన్నప్పుడు తప్ప మళ్ళీ దాన్ని పట్టుకోలేదు. "కాలేజీకి సెలవు పెట్టిన. మొక్కలు నాటెతందుకు ఎవడొస్తడో రానీ."

"ముందు పిట్టలను కొట్టు," అంది జమ్లీ. "ఎండెక్కకముందు మేకలను తోలుకరా. ఉపన్యాసమియ్యకు, బెదురుతయి."

అద్దాల రవిక మీద ఉతికిన కొంగు సర్దుకుని, భర్త చెయ్యి పట్టి జీపు ఎక్కించింది. తలుపు వేసి, అలవాటు ప్రకారం ఒక అడుగు వెనక్కి వేసింది. చిరంజీవి ఇంజను స్టార్టు చేసి ఆగాడు. బాల్‌సింగ్ సీట్లో జరిగి కూర్చున్నాడు. ఇంకొకరికి సరిపోయేంత.

జమ్లీ ఆ ఖాళీని చూసింది. పొమ్మంటాడేమోనని ఒక క్షణం ఆగింది. ఎవరూ అనలేదు.