తథాస్తు బల్ల

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ మాత్రం ఎప్పుడూ కీడు దగ్గరే ఆగిపోయేది. మేలు దాకా వెళ్ళేటంత తీరిక ఏనాడూ చిక్కలేదు. కూతురు స్నానాల గదిలో పది నిమిషాలు దాటితే జారిపడిందేమో అనేది. ఫోను ఎత్తకపోతే ఏ లారీ కింద పడిందో అనేది. ఇంట్లోనే మిషను పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ బట్టలకు సైజులు సరిచేసేది. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే అయినా, సూది వేల్లో దిగి చీము పట్టి చెయ్యి తీసేస్తారేమో అని తలుచుకోకుండా ఒక్క పాంటు అంచు కూడా మడవలేదు.

కూతురికి ముప్పై రెండేళ్ళు. కళ్ళద్దాల దుకాణంలో పని. మొదట ముందు గదిలో గిరాకీల దగ్గరే ఉండేది. ఒకావిడ పదకొండు ఫ్రేములు పెట్టి తీసి, "ఏది బాగుందమ్మా?" అని అడిగితే, "ఫ్రేముల్లో లోపం లేదండీ" అంది. ఆ మర్నాటి నుంచి యజమాని ఆమెను వెనక గదిలో అద్దాలు అరగదీసే యంత్రం దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ ఆమె నోటికి పని లేదు. ఆ పనంతా ఇంటికొచ్చి రాతలో చేసేది.

రాసేది ఆటల గురించి. కంప్యూటర్లో ఆడే వీడియో గేములు, బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర అయిపోయి నోటితో ఆడే సాహసాల ఆటలు. వాటి మీద ఆమె అభిప్రాయాలు చదవడానికి నెట్‌లో నాలుగు వేల మంది ఎదురుచూసేవారు. తల్లి అవన్నీ వేలు పెట్టి కూడబలుక్కుని చదివేది, ఎవరైనా వచ్చి కొడతారేమోనని. "వీడియో గేములో చావు, పిల్లాడి పాలపన్ను ఊడటం లాంటిది. మళ్ళీ వస్తుందని తెలిసి ఏడవడం దేనికి?" అని ఒకచోట. "ఈ సాహసం రాసినాయన గుహకు నలభై తలుపులు పెట్టాడు. కథ ఏ తలుపులోంచి పారిపోయిందో చూసుకోలేదు" అని ఇంకోచోట. ఆ రాసినాయన పంతొమ్మిదేళ్ళ పిల్లవాడట. మళ్ళీ ఏమీ రాయలేదట. "రాయకపోవడం వాడు రాసినవాటిలోకెల్లా మంచిది" అంది కూతురు, కాఫీ తాగుతూ.

ఆదివారం మధ్యాహ్నం ఆమె సొంత బల్ల నడిచేది. ఆట నడిపేది తనే. ముఖ్యమైన నియమాలు రెండు. ఒకటి, పాత్ర చస్తే చచ్చినట్టే. కొత్త పాత్రతో మళ్ళీ రావడానికి లేదు, మనిషి కుర్చీ ఖాళీ చెయ్యాల్సిందే. రెండోది, బల్ల దగ్గర నోట ఏ మాట వస్తే అది జరిగిపోయినట్టే. ఊరికే అన్నాను, హాస్యానికన్నాను అంటే చెల్లదు. ఆమె పెన్సిలెత్తి "తథాస్తు" అనేది. అంటే అయిపోయింది.

ఒకప్పుడు ఏడు కుర్చీలు నిండేవి. చచ్చిన పాత్రల కాగితాలు గోడకు వరసగా గుచ్చి ఉండేవి. ఇప్పుడు మిగిలింది ఇద్దరు. లిఫ్టులు బాగుచేసే పొడుగాయన, మందుల షాపులో పనిచేసే మాత్రలమ్మాయి. ఆ ఇద్దరూ పోతే ఈ లోకంలో తన కూతురి ఇంటి గంట నొక్కేవాళ్ళు ఇంకెవరూ ఉండరని తల్లికి తెలుసు. ఆదివారం పొద్దున్నుంచే ఆవిడ ప్రాణం గుమ్మంలో ఉండేది. ఆ గంట మోగితే చాలు, వారం గడిచిపోయేది.

ఆ ఆదివారం కూతురు మిషను దగ్గరికొచ్చింది.

"అమ్మా, లే. ముగ్గురు లేకపోతే ఈ ఆట మొదలవదు. లెక్కల మాస్టారు పోయినవారం చచ్చాడు."

తల్లి చేతిలోంచి కత్తెర జారింది. "అయ్యో, ఏమైందే ఆయనకి?"

"గోతిలో పడ్డాడు. ఆటలో అమ్మా. ఇంట్లో శుభ్రంగా ఉన్నాడు. రా."

"నాకేం తెలుసే ఆటలు. నేను కూర్చుంటే చెడిపోతుంది."

"చెడిపోతుందని ఇక్కడనకు. బల్ల దగ్గరికొచ్చి అను" అని కాగితం చేతికిచ్చింది. పాత్ర పేరు దగ్గర 'ముసలమ్మ' అని రాసి ఉంది. బలం ఐదు, తెలివి ఏడు, ధైర్యం మూడు.

"మూడేనా?"

"మొహమాటానికి ఎక్కువే వేశాను."

పొడుగాయన లేచి కుర్చీ లాగాడు. "కూర్చోండి పిన్నిగారూ. మా వెనకాలే నడవండి, ఏం కాదు." మాత్రలమ్మాయి నవ్వుతూ పక్కకు జరిగింది. ఆవిడ మనసు కాస్త కుదుటపడింది. ఈ ఇద్దరినీ నిలబెట్టుకోవాలి, కూతురు కసిరినా తను నవ్వాలి, అంతే అనుకుంది.

ఆట మొదలైంది. పాత గని. ముగ్గురూ దీపం పట్టుకుని సొరంగంలో నడుస్తున్నారు. ఎదురుగా చెక్క తలుపు. "నేను తెరుస్తాను" అంది మాత్రలమ్మాయి. ఆమె పాత్ర ఒక విలుకత్తె. రెండేళ్ళుగా ఆడుతోంది.

"ఆగమ్మా" అంది తల్లి, ఇంట్లో అన్నట్టే. "వెనకాల ఏ కుక్కన్నా ఉంటే?"

కూతురు పెన్సిలెత్తింది. "తథాస్తు. ఉంది."

పొడుగాయన పకపకా నవ్వాడు. "పిన్నిగారూ, మీ నోరు మంచిది కాదండోయ్." మాత్రలమ్మాయి కూడా నవ్వింది. కుక్క మీద పడింది, చెయ్యి కరిచింది, దాన్ని పొడిచి చంపారు. పెద్ద నష్టమేమీ లేదు.

"కట్టు కట్టు తల్లీ" అంది ఆవిడ, నిజంగా మాత్రలమ్మాయి చెయ్యి పట్టుకుని. "పిచ్చికుక్క కాదు కదా?"

ఆ మాట అన్న క్షణంలోనే ఆవిడకు తెలిసిపోయింది. వెనక్కి తీసుకునేలోపే పెన్సిలు లేచింది.

"తథాస్తు. పిచ్చికుక్కే."

"అది అడిగిందే గానీ అన్నది కాదు కదా" అన్నాడు పొడుగాయన. ఈసారి నవ్వలేదు.

"నోట వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మరి?"

మూడు సొరంగాలు దాటేలోపు విలుకత్తెకు నురగలొచ్చాయి. కూతురు ఆ చావును నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా, ప్రతి దశా చెబుతూ నడిపింది. మాత్రలమ్మాయి తన కాగితం తనే గోడకు గుచ్చింది. రెండేళ్ళలో ఆ కాగితం మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది.

"పర్లేదు పిన్నిగారూ, ఆటే కదా" అంది సంచీ భుజాన వేసుకుంటూ. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

తలుపు పడ్డాక తల్లి లేవబోయింది. "నన్ను వదిలెయ్యవే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"మధ్యలో లేస్తే దీపం ఆరుతుంది. దీపం నీ చేతిలో ఉంది. ఆరితే ఆయన చీకట్లో ఉంటాడు. నీ ఇష్టం."

ఆవిడ కూర్చుంది.

తరువాత లోతైన బావి. పొడుగాయన పాత్ర ఒక మోకుగాడు, తాళ్ళ పనివాడు. తాడు కట్టి దిగుతున్నాడు. ఆవిడ పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. తెగుతుంది, ముడి జారుతుంది, కింద ఏదో ఉంది, గోడ కూలుతుంది. అన్నీ నాలుక కొసకు వచ్చి నిలబడ్డాయి. పొడుగాయన ఆవిడ వైపు చూసి, పర్వాలేదన్నట్టు తల ఊపాడు.

"నీ వంతు" అంది కూతురు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వంతు వదలడానికి లేదు. బావి గట్టు మీద నువ్వున్నావు. తాడు నీ ముందే ఉంది. ఏమవుతుందనుకుంటున్నావో చెప్పు."

కూతురు గొంతులో కోపం లేదు. గిరాకీకి కళ్ళద్దం సరిచేస్తున్నంత శ్రద్ధ ఉంది. ఆవిడ చెంగు తీసింది. జన్మలో ఎన్నడూ అనని మాట కోసం వెతుక్కుంది.

"ఏమీ కాదు" అంది. "తాడు గట్టిది. బాబు క్షేమంగా దిగుతాడు."

పొడుగాయన ఊపిరి వదిలాడు. కూతురు పెన్సిలు ఎత్తలేదు. ఇరవై ముఖాల పాచికను బల్ల మీద దొర్లించి తల్లి ముందుకు తోసింది.

"వెయ్యి. పదిహేను దాటాలి."

"ఇదేంటే? కుక్కకి వెయ్యమనలేదు. పిచ్చికి వెయ్యమనలేదు."

"చెడు జరగడానికి పాచికెందుకమ్మా? దానికి నీ మాట చాలు. ముప్పై రెండేళ్ళు నాకు నేర్పింది అదే కదా. మంచి జరగాలంటేనే అదృష్టం కావాలి."

ఆవిడ పాచిక వేసింది. అది కాగితాల మీదుగా దొర్లి గ్లాసుకు తగిలి ఆగింది. పద్దెనిమిది.

"బతికాడు" అంది కూతురు. బస్సు నంబరు చదివినట్టు అంది.

పొడుగాయన తన కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"కాగితం ఇక్కడుండాలి" అంది కూతురు.

"చచ్చినవాళ్ళదేగా గోడకి గుచ్చేది. నేను బతికే వెళ్తున్నాను." లేచి నిలబడ్డాడు. "మూడేళ్ళు వీణ్ణి కాపాడుకున్నది ఆట బాగుందని కాదు. వీడు పోతే ఈ ఇంటికి రావడానికి నాకు సాకు ఉండదని. ఇవాళ్టితో ఆ అవసరం తీరిపోయింది."

కూతురు ముఖం మారలేదు. చెవుల చివర్లు మాత్రం ఎర్రబడ్డాయి. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి. గాలికి కాగితాలు ఎగురుతాయి" అంది.

తల్లి మెట్ల మీద పరిగెత్తింది. రెండో అంతస్తు మలుపులో అందుకుంది.

"బాబూ, పై వారం రావాలి. దాని మాట అంతే, మనసు మంచిది. నా వల్ల జరిగింది ఇదంతా. నేనిక ఆ గదిలోకే రాను. మిషను కూడా వంటింట్లోకి మార్చుకుంటాను."

"రాను పిన్నిగారూ."

"దానికెవరూ లేరు నాయనా. రేపు నేను పోతే ఏమైపోతుందో..."

ఆయన ఒక మెట్టు దిగి ఆగాడు. "నేను రోజూ లిఫ్టు తాళ్ళ మధ్య పనిచేస్తాను. తెగుతుందేమో అని నేనూ అనుకుంటాను. అనుకున్నాక దీపం వేసి, తాడంతా వేలితో తడిమి, పాడైన చోటుంటే మారుస్తాను. మీరు తెగుతుందని ముప్పై రెండేళ్ళు అంటూ కూర్చున్నారు. ఒక్కసారైనా ముట్టుకుని చూశారా?"

మర్యాదగానే అన్నాడు. ఆయన దిగిపోయాడు. కింద గేటు పడిన చప్పుడయింది.

ఆవిడ పైకొచ్చేసరికి కూతురు లాప్‌టాప్ ముందు కూర్చుని టకటకా కొడుతోంది. తల ఎత్తకుండానే చదివింది. "'ఈ వారం బల్ల మీద ఇద్దరు పోయారు. భయపడేవాడు తను చావడు, పక్కవాణ్ణి చంపుతాడు. సాహసం రాసేవాళ్ళెవరూ ఈ పాత్రను సరిగ్గా వాడుకోలేదు.' బాగుందా?"

"ఒకరే కదే పోయింది. పొడుగాయన బతికాడు."

"పోయాడమ్మా. ఏమన్నాడు?"

"పనుందట."

"సరే. పై ఆదివారం మనిద్దరం ఆడదాం. నియమం మారుస్తాను, ఆడేవాళ్ళు ఒక్కరున్నా చాలు. నీ ధైర్యం రెండుకు తగ్గిస్తున్నాను." కుర్చీ కాలితో తోసింది. "ఇప్పుడే కొంచెం ఆడి చూద్దాం, కూర్చో."

ఆవిడ నిలబడి చూసింది. ఆ జడ తను అల్లినదే. ఆ పలువరస కోసం రెండేళ్ళు వైద్యుల చుట్టూ తిరిగింది తనే. ఆ నాలుక ఎవరిదో ఇప్పుడు అడగక్కర్లేదు. కూర్చుంది.

"నీ ముందు చీకటి గది ఉంది" అంది కూతురు, ఆట గొంతుతో. "తలుపు తెరిచే ఉంది. లోపల ఏముందనుకుంటున్నావు?"

"నువ్వున్నావు" అంది తల్లి. "ఒక్కదానివే ఉన్నావు. ముసలిదానివైపోయావు. గంట మోగించేవాళ్ళు ఎవరూ లేరు. నేను కూడా లేను."

ఇన్నేళ్ళలో ఆవిడ నోట వచ్చిన కీడంతా భయంతో వచ్చిందే. ఇది మాత్రం తగలాలనే అంది. తగిలిందో లేదో చూడటానికి కూతురి కళ్ళలోకి సూటిగా చూసింది.

కూతురు పెన్సిలు తీసుకుని, మొన చూసుకుని, అది సరిపోక చెక్కుకుని, ఎత్తింది.

"తథాస్తు" అంది. "ఇప్పుడేం చేస్తావు?"