ఎల్‌వుడ్ చూపుడువేలు

సస్క్విహానా నది పొంగి ఊళ్ళోకి వచ్చిన మూడో ఏడు, ఆగస్టు, గురువారం. ఎల్‌వుడ్ హోస్టెటర్ రెండో హెడ్డులో మూడు దారులు ముగించి నాలుగోదానిలో గ్రైండరు దూర్చాడు.

యజమాని క్లారెన్స్ షెడ్డులో ముప్పై నాలుగేళ్ళుగా అతని పని అదే. పందెపు కార్ల ఇంజన్ల మీద బిగించే ఇనుప హెడ్డుల్లో పొగ బయటికి పోయే దారులుంటాయి. పోత పోసినప్పుడు వాటిలో మిట్టలు మిగిలిపోతాయి. పొగ వాటికి తగిలి తడబడితే కారు వెనకబడుతుంది. అందుకని అరగదీయాలి. మరీ అరగదీస్తే గోడ చిల్లుపడుతుంది. గోడకు అవతల ఇంజన్ను చల్లబరిచే నీళ్ళు. ఎక్కడ ఆపాలో చెప్పడానికి ఎల్‌వుడ్‌కు వేరే కొలత లేదు, చూపుడువేలే. గోరు అరిగిపోయిన ఆ మొద్దు వేలికి మట్టి ట్రాక్ దగ్గర డ్రైవర్లు టోపీ తీసేవారు, సగం వేళాకోళానికి, సగం నిజంగానే.

చలికాలం నుంచి ఆ వేలు తెల్లబడుతోంది. గ్రైండరు అదురు ఎముకలోకి పోయింది. ఎవరికీ చెప్పకుండా చిటికెనవేలితో నెట్టుకొస్తున్నాడు. దారి లోపలి మలుపు దాకా అది అందదు.

పనయ్యాక అలవాటు ప్రకారం నీళ్ళ దారిలో కిరసనాయిలు నింపి, స్టూలు మీద కూర్చుని, భార్య వెర్నా కట్టిచ్చిన రొట్టె తినసాగాడు. ఆ పరీక్ష చెయ్యమని ఎవరూ ఏనాడూ అడగలేదు. రొట్టె సగంలో ఉండగా నాలుగో దారి మలుపులో చెమ్మ మెరిసింది. చుక్కయింది. రాలింది.

తుడిచేస్తే ఎవరికీ తెలియదు. శనివారం పందెంలో డేల్ క్రైడర్ ఆ హెడ్డులతోనే దిగాలి.

రొట్టె కాగితంలో చుట్టిపెట్టి క్లారెన్స్‌ను పిలిచాడు. అతను వంగి చూసి, నడుం పట్టుకుని లేచాడు.

"ఆవగింజంత. ఇత్తడి పోసి పూడ్చేద్దాంలే."

"వద్దు. సందు దొరికితే నీళ్ళు ఊరుకుంటాయా? మనం చూళ్ళేదూ."

క్లారెన్స్ గోడకేసి చూశాడు. ఛాతీ ఎత్తున వరద చార. ఎన్నిసార్లు సున్నం వేసినా పైకి తేలుతూనే ఉంది.

"ముప్పై నాలుగేళ్ళకి ఒక్క చిల్లు పెట్టావోయ్. మా అల్లుడైతే వారానికొకటి పెడతాడు, అదీ ఈల వేసుకుంటూ."

ఎల్‌వుడ్ నవ్వలేదు. ఇనుము మీద గీతలు గీసే సూది తీసి చూపుడువేలి కొసన గుచ్చుకున్నాడు. రక్తపు బొట్టు వచ్చింది. మొహంలో మార్పు లేదు.

"ఎప్పట్నించి?"

"మంచు పడ్డప్పట్నించి."

క్లారెన్స్ జేబురుమాలు తీసి, చంటిదానికి కట్టినట్టు ఆ వేలికి చుట్టాడు. డేల్ కారుకు పాత జత బిగిస్తానన్నాడు. రేపటి నుంచి వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడే ముందు కౌంటర్లో కూర్చోమన్నాడు.

"నాకు మాటలు రావు కదా, క్లారెన్స్," అన్నాడు ఎల్‌వుడ్.

ఇంట్లో వెర్నా రుమాలు చూసి, పీచ్‌పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె పెద్ద ముక్క కోసి పెట్టింది. "కాలే మూకుడు పట్టుకుని ఉలక్కపోతే నాకు తెలీదనుకున్నావా?" అని, ఎదురుగా కూర్చుంది.

మర్నాడు పొద్దున్న మామూలు వేళకే షెడ్డుకు వెళ్ళాడు. బల్ల తుడిచాడు. గ్రైండరుకు నూనె పెట్టి చెక్కపెట్టెలో సర్దాడు. ఏప్రాన్ మేకుకు తగిలించాడు. ఆ హెడ్డును పాత ఇనుములో పడెయ్యబుద్ధి కాలేదు. ఎవరైనా పొరపాటున బిగిస్తారేమోనని బెంగ కూడా. సుద్దముక్కతో దాని మీద రాసి, కిటికీ గట్టు మీద పెట్టి, తలుపు దగ్గరగా లాగి వెళ్ళిపోయాడు.

వరద చారకు జానెడు ఎగువన, మూడు దారులు అద్దంలా మెరుస్తున్నాయి, నాలుగోదాని పక్కన సుద్ద అక్షరాలు: "వాడొద్దు. కారుతుంది. ఎల్‌వుడ్."