పెట్టెకి చెప్పి వెళ్ళాలి

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోతాను. మేలు దాకా వెళ్ళే ఓపిక ఉండదు.

ఆ పొద్దున వెనకగది ఊడుస్తుంటే చీపురు తగిలి గోడవార వైరు ఊడిపోయింది. అది కోడలి వైరు. తన కంప్యూటరు ముందుగదిలో ఉంటుంది. డిస్కుల పెట్టె రొద చేస్తుందని దాన్ని వెనకగదిలో పెట్టింది. రెంటినీ కలిపేది ఆ వైరే. తను కోసి అతికించే వీడియోలన్నీ ఆ పెట్టెలోనే. ఏడాది ఖాళీగా కూర్చున్నాక దొరికిన మొదటి పని. మధ్యాహ్నానికి ఇవ్వకపోతే ఇంకొకరికి అప్పగిస్తామన్నారట.

పరుగున ముందుగదికి వెళ్ళి చూద్దును కదా, రాత్రంతా నిద్రలేని పిల్ల బల్లమీద తల వాల్చేసి ఉంది. తెరమీద బొమ్మ బిగుసుకుపోయింది. పని పోతుంది, పిల్ల మంచం పడుతుంది, కొడుకు నా మొహం చూడడు. అంతదాకా వెళ్ళిపోయాను. టీవీ బిగుసుకుంటే ఆపి వేస్తాం కదా అని కంప్యూటరు స్విచ్ మీద వేలు పెట్టాను.

"అత్తయ్యా! చెయ్యి తియ్యండి!"

తీశాను.

"ఏం చేశారు?"

"నేనేం చెయ్యలేదమ్మా. చీపురు చేసింది. వైరు ఊడింది."

తను నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు. "వైరేనా? పెట్టెని ఆపలేదుగా?"

"లేదు."

"అయితే ఇంకా ఏం పోలేదు. కంప్యూటరు పెట్టెకి లాగౌట్ చెప్పి వెళ్తే రెండూ ఇచ్చిపుచ్చుకోవాల్సినవి తేల్చుకుని విడిపోతాయి. ఇలా పుటుక్కున తెగితే, పంపాల్సినవి కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని పెట్టెని పిలుస్తూ ఉంటుంది. దొరికిందా, మిగిలినవి పంపేస్తుంది. మీరు కంప్యూటరుని ఆపేస్తే ఒళ్ళోవి గల్లంతే."

"ఎంతసేపు పిలుస్తుంది?"

"కాసేపే. మీరు ప్రశ్నలు వేస్తుంటే అదీ అయిపోతుంది. పదండి!"

వైరు చివర కొక్కెం విరిగింది. పెట్టెకి గుచ్చి నొక్కి పట్టుకుంటేనే పచ్చలైటు.

"పట్టుకోండి. చెప్పేదాకా వదలకండి," అని తను ముందుగదికి పరుగెత్తింది.

నేలమీద కూలబడి పట్టుకున్నాను. "కలిసిందా?"

కరెంటు పోతే? చెయ్యి తిమ్మిరెక్కితే? తుమ్మొస్తే? అనుకున్నానో లేదో ముక్కు దురద పెట్టింది.

"కలిసింది! కదులుతోంది!"

ఏడుపొచ్చింది. కొంగు అందుకుందామన్నా భయమే, వైరు కదులుతుందని. ఎంతకీ తెమలదు. భుజం లాగేసింది.

"అయిపోయింది!"

హమ్మయ్య అని వదలబోయాను.

"ఆగండి! లాగౌట్ చెప్పనివ్వండి!"

"ఇంకా ఏం చెప్పుకుంటాయే తల్లీ!"

"ఆ... ఇప్పుడు వదలండి."

వదలమన్నా వేళ్ళు విచ్చుకోలేదు. తనే వచ్చి ఒక్కొక్కటీ విప్పింది. "వీడియో పంపేశా. అందిందన్నారు," అని నా పక్కనే గోడకు జారగిలపడింది. మాట పూర్తవుతూనే నిద్ర. తల వచ్చి నా భుజం మీద వాలింది, లాగేస్తున్న భుజం మీదే.

ఊడ్చిన దుమ్ము గది మధ్యలో పోగుపడి ఉంది. చీపురు చేతికందేంత దూరంలోనే ఉంది.

ముట్టుకోలేదు. తను లేచాక అడిగి ఊడుస్తాను.