మూత బిగించిన సీసా

తక్కెడ ఎడమ పళ్ళెంలో పాత రింగు, కుడి పళ్ళెంలో కొత్త రింగు. ముల్లు నిలకడకి వచ్చేదాకా రింగులాయన ఊపిరి బిగబట్టి చూశాడు. మామూలు రబ్బరూ నల్లనే, ఫ్లోరో రబ్బరూ నల్లనే. తేడా కంటికి దొరకదు, తూకానికి దొరుకుతుంది. ఒకే కొలత రింగుల్లో ఫ్లోరోది ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువు. ఎడమ పళ్ళెంలోది ముప్ఫై ఏళ్ళుగా ఆయన నమ్మిన రింగు. దానితో సరితూగితేనే కొత్తది లోపలికి వస్తుంది.

ముల్లు నిలిచింది.

"నువ్వు అసలుదానివేలే, పద," అంటూ దాన్ని కాగితపు కవర్లో వేసి తేదీ రాశాడు.

ఆ వార్నిష్ ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు. సన్నటి మనిషి. కళ్ళజోడు జారకుండా వెనక నల్లదారం. రింగులు నొక్కి నొక్కి కుడి బొటనవేలు చెంచాలా చదునైపోయింది. రబ్బరు మీద గీత పడుతుందని గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటాడు. పంపులు కారకుండా బిగించే ఈ రింగులు దాచే సీళ్ళ గదికి కిటికీ లేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఎండ తగిలితే రబ్బరు ముసలిదైపోతుంది. తగలక నేనైపోయాను," అని నవ్వేవాడు.

ఇవాళ ఎవరూ అడగలేదు, ఆయనా నవ్వలేదు. బల్ల మీద, తక్కెడ పక్కన, మూత బిగించిన గాజు సీసా ఉంది. అందులో నిన్న నాలుగో పంపు నుంచి తీసిన రింగు ఉంది.

నిన్న మధ్యాహ్నం ఆ పంపు సీలు పగిలి వేడి వార్నిష్ చిమ్మింది. పంపు చూసుకునే మనిషి ముఖం మీద పడింది. ఫిట్టరు అతన్ని ఆసుపత్రికి మోసుకుపోతే, రింగులాయనే పంపు విప్పి రింగు బయటికి లాగాడు. అది ఉబ్బి ఉంది. నానబెట్టిన శనగగింజలా ఉబ్బి, గాడిలోంచి బయటికి పొడుచుకొచ్చి, ఇరుసు కింద నలిగి ఒకచోట చిరిగింది. తుడిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే వార్నిష్ వాసన కింద ఇంకో వాసన. ఆడపిల్లలు గోళ్ళ రంగు తుడుచుకునే మందు వాసన. అసిటోన్.

వేడి నూనెకీ, ఘాటైన ద్రావకాలకీ ఫ్లోరో రబ్బరు వజ్రం లాంటిది. అసిటోన్ ముందు మాత్రం మైనపు ముద్ద. ఇది కొత్తగా వచ్చినవాళ్ళకి చెబితే నమ్మరు. ఇంత ఖరీదైనది అన్నిటికీ తట్టుకోదా అంటారు. "పట్టుపంచె ఖరీదైనదే. అది కట్టుకుని బురదలో దిగుతామా?" అనేవాడు. అందుకే ఆ పంపు గొట్టాన్ని అసిటోన్‌తో కడగకూడదని గోడ మీద తానే రాయించాడు. కడగాల్సిన మందు వేరే ఉంది. దానితో రోజంతా పడుతుంది. అసిటోన్‌తో అయితే గంటలో అయిపోతుంది.

ఎవరికి గంటలో కావాలో ఆయనకి నిన్ననే తెలుసు. ఆ షిఫ్టు ఇన్‌చార్జి ఆయన బావ, చిన్న చెల్లెలి భర్త.

పొద్దున పదింటికి ఒక కాగితం వచ్చింది. మూడున్నరకి మేనేజరుగారి గదిలో విచారణ. కింద కారణం: "సీళ్ళ గది నుంచి ఎండి బీటలువారిన పాత రింగు ఇచ్చినట్టు షిఫ్టు ఇన్‌చార్జి నివేదిక." రింగులాయన దాన్ని మూడుసార్లు చదివాడు. నివేదిక తేదీ నిన్నటిది. నిన్న పొద్దుపోయాక అదే బావ తన ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, అక్కా అని పిలిచే తన భార్య చేతి మజ్జిగ తాగి, "పాపం ఆ మనిషి" అని కళ్ళు తుడుచుకున్నాడు. జేబులో ఆ నివేదిక నకలు పెట్టుకునే కూర్చున్నాడా? 

మధ్యాహ్నం ఇద్దరి క్యారేజీలూ ఎప్పటిలా ఒకే బల్ల మీద తెరుచుకున్నాయి. అన్నం ఎవరూ కలపలేదు.

"ఎండి బీటలువారిందా బావా?" అన్నాడు రింగులాయన.

బావ తల వంచుకున్నాడు. పెద్ద భుజాల మనిషి, ఆ చిన్న గదిలో ఎప్పుడూ ఒదిగి కూర్చుంటాడు. "భయమేసింది బావా. సరుకు సాయంత్రానికి కావాలని పైనుంచి ఒకటే గోల. పక్క షెడ్డు నుంచి రెండు డబ్బాల అసిటోన్ తెప్పించి కడిగించా. ఇంతవుతుందని నాకేం తెలుసు?"

"తెలీదా? ఈ బల్ల దగ్గరే కదా నేర్పాను. ఒక రింగుని అసిటోన్‌లో వేసి, ఉబ్బాక నీ చేతిలో పెట్టాను. బయట పెట్టి వదిలేస్తే ఆ మందు ఎగిరిపోయి, రింగు ముడుచుకుపోయి, నెర్రెలిచ్చి ముసలిదానిలా కనిపిస్తుందనీ చెప్పాను. గుర్తుందా?"

"గుర్తుంది," అన్నాడు బావ, సీసా వైపు చూడకుండా.

"అందుకే మూత బిగించా. మూడున్నరకి దీన్ని మేనేజరుగారి ముందు విప్పుతా. వాసనే మాట్లాడుతుంది."

బావ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నీకు దణ్ణం పెడతా. నువ్వు విప్పితే దొంగని పట్టుకున్నట్టవుతుంది. నేను విప్పితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. సీసా నాకియ్యి. నేనే తీసుకెళ్ళి నా నోటితో చెప్తా. అంతే తేడా బావా. నన్ను మనిషిగా మిగలనీ."

 తప్పు చేసినవాడు ఒప్పుకోవడానికి దారి అడిగితే అడ్డం నిలబడకూడదని రింగులాయన తండ్రి చెప్పేవాడు. మన మీదికి వచ్చిన నింద తుడుచుకోవడంకన్నా అవతలివాడికి నిజం చెప్పే అవకాశం ఇవ్వడం పెద్ద పుణ్యమని కూడా అనేవాడు. అది తెలివితక్కువతనం కూడా అవుతుందేమో మాత్రం ఆయన ఎన్నడూ చెప్పలేదు.

రింగులాయన సీసా తీసి బావ చేతిలో పెట్టాడు. "మూత జాగ్రత్త."

మూడున్నర దాకా నాలుగో పంపు పనే చూశాడు. ఈ ఇన్‌చార్జి కాకపోతే ఇంకొకడు, తొందర తొందరే. అందుకని ఫ్లోరో రింగు మీదే ఆధారపడకుండా, అసిటోన్‌కీ అసలు మందుకీ కూడా లొంగని, తెల్లటి పింగాణీలా గట్టిగా ఉండే టెఫ్లాన్ సీలు వెతికి తీశాడు. బిగించడం కష్టం, కొంచెం వంకరైతే కారుతుంది. ఫిట్టరు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని అది సరిగ్గా పడేదాకా లేవలేదు.

"పెద్దాయనా, మీ విచారణకి టైమవుతోంది," అన్నాడు ఫిట్టరు.

"నిజానికి టైముతో పనేముంది?" అన్నాడాయన. అన్న తరువాత ఆ మాట తనకే కొంచెం గొప్పగా వినిపించి సిగ్గుపడ్డాడు.

మేనేజరుగారి గదిలో సీసా ముందే బల్ల మీద ఉంది. బావ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మేనేజరుగారు మూత తిప్పి, సీసాని తెల్ల కాగితం మీద బోర్లించారు. రింగు చప్పుడు లేకుండా జారిపడింది.

సన్నంగా ఉంది. ముడుచుకుని, ఒళ్ళంతా వెంట్రుకల్లాంటి నెర్రెలతో, ఏ అలమరలోనో ఇరవై ఏళ్ళు మగ్గినదానిలా ఉంది. గదిలో ఏ వాసనా లేదు.

"ఇది ఎన్నాళ్ళనాటిదండీ?" అన్నారు మేనేజరుగారు. గొంతులో కోపం లేదు, విసుగు ఉంది.

రింగులాయన వంగి వేలితో తాకాడు. రింగు ఇంకా గోరువెచ్చగా ఉంది. షెడ్డు వెనక ఆవిరి గొట్టం మీద పెడితే అసిటోన్ తాగిన ఏ రబ్బరైనా రెండు మూడు గంటల్లో ఇలాగే ఎండుతుంది. అది కూడా తాను నేర్పినదే.

"సార్, పొద్దున ఇది ఉబ్బి ఉంది. అసిటోన్ తాగి ఉంది."

"ఇప్పుడుందా?"

"లేదండి."

"చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

రింగులాయన బావ వైపు తిరిగాడు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను చెప్పేదేముంది సార్, రింగే కనిపిస్తోందిగా," అన్నాడు.

ఆ తరువాత మాటలు పెద్దగా లేవు. అవతల ఆసుపత్రిలో ఒక మనిషి చెంప కాలి పడుకుని ఉన్నాడు. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. రింగులాయన తాళాలు బల్ల మీద పెట్టి, సామాను తెచ్చుకోవడానికి గదికి వెళ్ళాడు. సామాను అంటే క్యారేజీ, రెండో కళ్ళజోడు.

బావ వెనకే వచ్చాడు. చేతిలో సీసా ఉంది, మేనేజరుగారు తీసుకుపొమ్మన్నారట.

"ఇద్దరు పిల్లలున్నారు బావా," అన్నాడు గుమ్మంలో నిలబడి.

"తెలుసు. పేర్లు పెట్టింది నేనే."

"చెల్లెలికి చెప్తావా?"

రింగులాయన క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. మధ్యాహ్నం కలపని అన్నం అలాగే ఉంది. "నువ్వడిగితే ఆ తప్పు నాదేనని నేనే రాసిచ్చేవాణ్ణి. నీ పిల్లల కోసం రాసేవాణ్ణి. నువ్వు అడిగింది అది కాదు. మనిషిగా మిగలనీ అన్నావు. అది నమ్మాను."

బావ సీసా బల్ల మీద పెట్టి, వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

రింగులాయన తక్కెడకి చేతులు జోడించాడు. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున పెట్టే దణ్ణం ఇవాళ సాయంత్రం కూడా పెట్టాడు. స్వామీ, తప్పుడు రబ్బరుని పట్టుకోవడానికి చెయ్యి ఇచ్చావు, మనిషిని తూచడానికి ఏమీ ఇవ్వలేదేం అని అడుగుదామనుకుని, అడగలేదు. దీపం ఆపి, తలుపు దగ్గరగా వేసి, గేటు వైపు నడిచాడు. ఎవరూ ఆపలేదు, ఎవరూ సాగనంపలేదు.

గదిలో తక్కెడ ఎడమవైపు ఒరిగి ఉంది. దాని పక్కన సీసా, అడుగున ఎండిన రింగు. మూత మాత్రం ఆయన నేర్పినట్టే, పూర్తిగా తిప్పి, ఆపైన ఇంకో పావు చుట్టు గట్టిగా బిగించి ఉంది.