బొంబొం తాత

ఏమోయ్, గొంతు బాగోలేదంటూ చివరి కుర్చీలో నక్కిన మొనగాడా! నిన్నే. పాడమంటే దగ్గొస్తుంది, కథ అనగానే చెవులు లేస్తాయి. సరే, విను. నీకన్నా పెద్ద అనుమానప్పక్షి ఒకడున్నాడు, దేవపాల్ అని.

న్యూజిలాండ్‌లో, ఈ మనురేవాలో మన తెలుగు చర్చికి క్రిస్మస్ పాటలు నడిపించేది అతనే. అతను చెయ్యెత్తితేనే క్వైర్ గొంతెత్తాలి. ఇప్పుడా చెయ్యికే ఎసరొచ్చింది. భార్య ప్రేమజ్యోతి తను కేర్‌గివర్‌గా పనిచేసే రెస్ట్ హోమ్, అదే వృద్ధాశ్రమం, నుంచి వెండెల్ అనే అమెరికన్ ముసలాయన్ని ప్రాక్టీసుకి తీసుకొచ్చింది. కుర్రతనంలో నలుగురు కలిసి పాడే గ్రూపులో ఉండేవాడట, ఓ రికార్డు రేడియోలో మోగిందట, తర్వాత ఈ దేశపు కివీ అమ్మాయిని చేసుకుని ఇక్కడ సెటిల్ అయ్యాడట. పాస్టరుగారు పొంగిపోయి, "ఈ ఏడు క్వైర్ ఈయన చేతిలో పెడదామా?" అనేశారు.

దేవపాల్ ముందుకొచ్చాడు. "మీ పాట ఒకసారి పాడండి అంకుల్" అన్నాడు.

ముసలాయన కళ్ళు మూసుకుని, "బొం బొం బొం, డిబిడి బొం" అన్నాడు. అంతే.

"మరి మాటలేవీ?"

"మాటలు నాకు రావు."

ఇంటికెళ్ళే దారిలో కారులోనే దేవపాల్ మొదలెట్టాడు. "ప్రేమా, సొంత పాటకి మాటలు రాని సింగరుంటాడా?"

"మీకు రెండో చరణం ఏనాడైనా గుర్తుందాండీ?"

నెట్‌లో వెతికితే ఆ గ్రూపు ఫోటో ఒకటి దొరికింది. నాలుగో మనిషి మొహానికి మైకు అడ్డం. దేవపాల్ జూమ్ చేశాడు. మైకే పెద్దదయింది. అనుమానం కూడా.

ఇక లాభం లేదని వల పన్నాడు. మళ్ళీ ప్రాక్టీసులో అందరూ వినేలా, "అంకుల్, మీ రోజుల్లో గోంగూర బ్రదర్స్ అని గ్రూపుండేది, తెలుసా?" అన్నాడు.

వెండెల్ పైకప్పు వైపు చూసి ఆలోచించాడు. "తెలియకేం! ముగ్గురన్నదమ్ములు. పెద్దాడు మహా పులుపు మనిషి."

"దొరికాడు!" దేవపాల్ ఇంగ్లీషు వదిలి తెలుగులోకి దూకాడు. "విన్నారా పాస్టరుగారూ? గోంగూరతో కలిసి పాడాడట! సింగరూ కాదు, పాడూ కాదు!"

వెండెల్‌కి భాష అర్థం కాలేదు గానీ తన వైపు చూపించిన వేలు అర్థమైంది. "బాబూ, నాది బేస్ గొంతు, అడుగు స్వరం. మాటలన్నీ ముందు నిలబడ్డవాడివి, వెనక బొం బొం నాది. ముందు నిలబడ్డం నాకు చేతకాదు. చెయ్యి నువ్వే ఊపు."

అని వెళ్ళి వెనక వరసలో నిలబడి అందుకున్నాడు. ఎప్పుడూ పాట సాగదీసే క్వైర్ ఆ బొంబొం మీద తాళం తప్పకుండా నడిచింది. దేవపాల్ చెయ్యి దానంతటదే లేచింది.

పాట అయ్యాక మెల్లగా ముసలాయన పక్కకి చేరాడు. "అంతా బానే ఉంది అంకుల్, మరి ఆ గోంగూర బ్రదర్స్ సంగతేంటి?"

"మీ ఆవిడ రోజూ నా అన్నంలో కలిపే పచ్చడి పేరు నాకు తెలీదా? పులుపని చెప్పినా నీకు వెలగలేదే!"